ఫస్టియర్ ఎలక్ట్రికల్ కోర్సు: బెంగళూరు కాలేజీల్లో ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

బెంగళూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో కొత్తగా చేరిన లెక్చరర్‌కు మొదట అంటగట్టేది చాలాసార్లు ఫస్టియర్ ఎలక్ట్రికల్ పేపరే. మెషీన్స్, పవర్ సిస్టమ్స్ లాంటివి సీనియర్లు ముందే పంచేసుకుంటారు. "ఫస్టియర్‌దేముందండీ, ఓం లా, కిర్కాఫ్, ట్రాన్స్‌ఫార్మర్, అంతేగా" అని మిగిలింది మీ చేతిలో పెడతారు. కాలేజీ అటానమస్ అయితే సిలబస్ కూడా మీరే రాసి బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు నిలబడాలి. వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కింద ఉన్న కాలేజీ అయితే సిలబస్ పైనుంచి వస్తుంది గానీ, ఏది ఎంతసేపు చెప్పాలి, ల్యాబ్‌లో ఏం చేయించాలి, ఇంటర్నల్స్‌లో ఏం అడగాలి అన్నది మీ ఇష్టం. వీటీయూ 2022 స్కీములో సగం మార్కులు ఇంటర్నల్స్‌వే కాబట్టి ఆ స్వేచ్ఛ తక్కువేం కాదు.

ఈ కోర్సు నడిపే పద్ధతులు ముఖ్యంగా నాలుగు కనిపిస్తాయి. అన్నిట్లోకీ ఏది మంచిదని అడిగితే నేను జవాబు చెప్పలేను. మీ క్లాసులో ఏ బ్రాంచి పిల్లలున్నారు, మీ ల్యాబ్‌లో నిజంగా పనిచేసే బెంచీలు ఎన్ని అన్న రెండు సంగతులు చెబితే మాత్రం చెప్పగలను. ఈ రెండూ చూడకుండా పెద్ద సంస్థల సిలబస్ తెచ్చి దించుకోవడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అవుతుంది.

ముందు పిల్లల సంగతి

ఇక్కడి క్లాసుల్లో తెలుగు పిల్లలు బాగానే కనిపిస్తారు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు సరేసరి, హైదరాబాద్, విజయవాడ కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ చేసి కామెడ్‌కే (కర్ణాటక ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష) రాసి వచ్చినవాళ్లూ, మేనేజ్‌మెంట్ సీటు తీసుకున్నవాళ్లూ ఉంటారు. వీళ్లకు వీట్‌స్టన్ బ్రిడ్జి లెక్క ఇస్తే మనం బోర్డు మీద బొమ్మ పూర్తి చేసేలోపే ఆన్సర్ చెప్పేస్తారు. "ఇదంతా ఇంటర్‌లో అయిపోయింది సార్" అంటారు. అందులో అబద్ధం లేదు. కిర్కాఫ్ నియమాలు, ఏసీ, ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్ అన్నీ సెకండియర్ ఫిజిక్స్‌లో ఉన్నవే.

అదే పిల్లాడికి మల్టీమీటర్ ఇచ్చి "ఈ బల్బు ఎంత కరెంటు తీసుకుంటోందో చూడు నాన్నా" అంటే, మీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి తిన్నగా బ్యాటరీ రెండు కొసలకూ ఆనిస్తాడు. లోపలి ఫ్యూజు పోతుంది. తప్పు వాడిది కాదు. రెండేళ్లలో వాడి చేతికి మీటర్ ఇచ్చినవాళ్లు లేరు. అందుకని ఏ పద్ధతి ఎంచుకున్నా మొదట ఆలోచించాల్సింది, సూత్రాలు వచ్చిన పిల్లలకు కొలవడం ఎలా నేర్పాలి అన్నదే. సూత్రాలు కూడా రాని పిల్లలకు రాసినట్టు కోర్సు తయారుచేస్తే మొదటి నెలంతా వాళ్లు వెనక బెంచీల్లో ఫోన్ చూసుకుంటారు. రెండో నెలలో ఫేజర్లు (ఏసీ వోల్టేజీ, కరెంటులను బాణాలుగా గీసి లెక్కకట్టే పద్ధతి) వచ్చేసరికి, ఇంక వినే అలవాటు పోయి ఉంటుంది.

అన్నీ కొంచెం కొంచెం చెప్పే పద్ధతి

ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే అఖిల భారత మండలి) 2018 మోడల్ కరిక్యులమ్‌లో ఉన్నది ఇదే. వారానికి మూడు లెక్చర్లు, ఒక ట్యుటోరియల్, రెండు గంటల ల్యాబ్. డీసీ సర్క్యూట్లు, ఏసీ సర్క్యూట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మెషీన్లు, పవర్ కన్వర్టర్లు, చివర్న ఇన్‌స్టలేషన్లు, అన్నీ కలిపి 42 గంటలు. అన్ని బ్రాంచీలకూ ఒకే పేపరు పెట్టడానికి ఇది సులువు. టైంటేబుల్ వేసేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

సివిల్, మెకానికల్, కెమికల్ పిల్లలకు ఇదే సరైనదని నా ఉద్దేశం. వాళ్లు మళ్లీ ఎలక్ట్రికల్ ముఖం చూడకపోవచ్చు. రేపు సైట్‌లోనో ఫ్యాక్టరీలోనో మోటార్ నేమ్‌ప్లేటు చదవగలగాలి, ప్యానెల్ బోర్డు తెరిస్తే లోపల ఏముందో తెలియాలి. ఆ పనికి లోతు కంటే విస్తృతే ఎక్కువ ఉపయోగం.

చిక్కంతా మెషీన్ల దగ్గర వస్తుంది. ఎనిమిది గంటల్లో డీసీ మోటారు, ఇండక్షన్ మోటారు, సింక్రనస్ జనరేటరు అన్నీ చెప్పాలంటే పిల్లలకు మిగిలేది బొమ్మలు బట్టీ పట్టడమే. అన్నిటినీ తడమడం కంటే ఒక్క మోటారు పట్టుకోమంటాను, అదీ సీలింగ్ ఫ్యాన్. పాత ఫ్యాన్‌లో ఉండేది కెపాసిటర్‌తో నడిచే సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు, సుమారు 75 వాట్లు తింటుంది. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఉంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు తేడా 16 యూనిట్లు. ఆ తేడా ఎక్కడ పోతోందని అడగండి. రోటర్‌లో (తిరిగే భాగంలో) ప్రేరిత కరెంటు, స్లిప్ (తిరిగే అయస్కాంత క్షేత్రం కంటే రోటర్ వెనకబడడం), రాగి నష్టం, శాశ్వత అయస్కాంతం పెడితే వాటిలో ఏది తప్పుతుంది, ఫ్యాన్ లోపలే ఏసీని డీసీగా మార్చాల్సి రావడం ఎందుకు, ఇలా ఒక ఫ్యాన్‌తో మెషీన్లూ కన్వర్టర్లూ రెండు యూనిట్లు నడిచిపోతాయి.

ఇక చివరి యూనిట్ ఇన్‌స్టలేషన్లు. సెమిస్టర్ ఆఖర్లో టైం చాలక "ఇది మీరే చదువుకోండి" అని వదిలేసేది దీన్నే. నాకైతే ఆరు యూనిట్లలో ముందు చెప్పాల్సింది ఇదేననిపిస్తుంది. మన పిల్లల్లో చాలామంది పీజీ హాస్టళ్లలో ఉంటారు. గదికి ఒక ఆరు ఆంపియర్ల సాకెట్, దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాంట్లో కెటిల్, ఇస్త్రీ పెట్టె, రాత్రయితే వార్డెన్‌కు తెలియకుండా ఇండక్షన్ స్టవ్. లెక్క వాళ్లతోనే వేయించండి. 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లంటే 1,380 వాట్లు. కెటిల్ ఒక్కటే 1,500. రెండు వేల వాట్ల స్టవ్ పెడితే దాదాపు 8.7 ఆంపియర్లు. ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్చి) వెంటనే పడిపోకపోతే ఎక్స్‌టెన్షన్ వైరు ముట్టుకుని చూడమనండి, వెచ్చగా ఉంటుంది. ఆ వేడి ఎక్కడిదన్న ప్రశ్న నుంచి ఓం నియమానికి వెళ్తే "ఇంటర్‌లో అయిపోయింది" అనే మాట రాదు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే ఆపేసే స్విచ్చి). ఈ తేడా తెలియకుండా ఇంజినీరింగ్ పూర్తి చేసినవాళ్లు ఎంతమందో.

ట్రాన్స్‌ఫార్మర్ పాఠానికి మన దగ్గరే బంగారం లాంటి ఉదాహరణ ఉంది, అదీ అక్షరాలా. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి నీళ్లతో తీసిన కరెంటును కోలారు బంగారు గనులకు సుమారు 150 కిలోమీటర్లు పంపారు. బెంగళూరు వీధులకు దీపాలు వచ్చింది ఆ తర్వాత, 1905లో. అంత దూరం పంపడానికి వోల్టేజీని పదుల వేలకు ఎందుకు పెంచాల్సి వచ్చిందో లెక్క కట్టించండి. వోల్టేజీ రెట్టింపైతే అదే పవర్‌కు కరెంటు సగం, లైన్లో నష్టం పావు వంతు. ఇక్కడితో ఆపకుండా మెట్రో దగ్గరికి తీసుకురండి. నమ్మ మెట్రో మూడో పట్టా మీద 750 వోల్టుల డీసీతో నడుస్తుంది, చెన్నై మెట్రో పైన వైరు మీద 25 వేల వోల్టుల ఏసీతో. సబ్‌స్టేషన్లు ఎక్కడ దగ్గర దగ్గరగా కావాలి, సొరంగం ఎక్కడ పెద్దది తవ్వాలి అని అడిగితే క్లాసు రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటుంది. చెన్నైలో బంధువులున్న పిల్లలు తప్పకుండా ఒక పక్షం పడతారు.

సర్క్యూట్లే, కానీ లోతుగా

రెండో పద్ధతిలో మెషీన్లు, ఇన్‌స్టలేషన్లు పక్కనపెట్టి సెమిస్టరంతా సర్క్యూట్లే చెబుతారు. రెసిస్టర్లు, తెవెనిన్ (సర్క్యూట్‌ను ఒక సోర్స్, దాని వెనక ఒక రెసిస్టరుగా కుదించే సిద్ధాంతం), కెపాసిటర్, ట్రాన్సియెంట్లు, ఫేజర్లు, ఆప్ ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్). ట్రిపుల్‌ఈ, ఈసీఈ పిల్లలకు నేనిదే ఎంచుకుంటాను. మెషీన్లు ఎలాగూ వాళ్లకు తర్వాతి సెమిస్టర్లలో విడిగా వస్తాయి.

ఇందులో ఉన్న ప్రమాదం, కోర్సు లెక్కల పుస్తకంగా మారిపోవడం. మెష్, నోడల్, సూపర్‌పొజిషన్, తెవెనిన్, నార్టన్, మ్యాగ్జిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్, మిల్‌మన్, రెసిప్రోసిటీ అంటూ వరసపెట్టి ఒక్కోదానికి ఐదేసి లెక్కలు చేయించి ఇంటర్ కోచింగ్‌నే ఇంకో ఏడాది పొడిగిస్తాం. సగం థీరమ్‌లు తీసేసినా కొంప మునగదు. నోడల్, సూపర్‌పొజిషన్, తెవెనిన్ ఉంటే చాలు. నార్టన్‌ను తెవెనిన్ క్లాసు చివరి పది నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు. మిగిలిన గంటలు ల్యాబ్‌కు ఇవ్వండి.

తెవెనిన్ ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఒక్క ప్రయోగం చాలు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక మెగా ఓం రెసిస్టర్లు రెండు వరసగా. మధ్యలో ఎంతుండాలంటే క్లాసంతా "నాలుగున్నర" అంటుంది. ఇప్పుడు పది మెగా ఓంల ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఉన్న మంచి మీటర్‌తో కొలిపించండి, 4.3 లోపు వస్తుంది. తర్వాత బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్‌పీ రోడ్డులో రెండు మూడు వందలకు దొరికే పసుపు రంగు మీటర్ ఇవ్వండి. దాని ఇన్‌పుట్ సాధారణంగా ఒక మెగా ఓం. మూడు వోల్టులు చూపిస్తుంది.

"సార్, మీటర్ పాడైంది" అంటారు. వేరేది ఇస్తారు, అదీ మూడే. బ్యాటరీ మారుస్తారు, అప్పుడూ మూడే. ఆ గందరగోళంలో కాసేపు వదిలెయ్యండి, తొందరపడి చెప్పొద్దు. ఎవరో ఒకరు, తరచుగా క్లాసులో పెద్దగా మాట్లాడని అమ్మాయో అబ్బాయో, "మీటర్ కూడా ఒక రెసిస్టరే కదా సార్" అంటారు. అప్పుడు బోర్డు మీద నాలుగున్నర వోల్టుల సోర్స్, దాని వెనక ఐదు లక్షల ఓంలు గీయండి. ఒక మెగా ఓం తగిలిస్తే మూడు, పది తగిలిస్తే 4.29. తెవెనిన్ అయిపోయింది. కొలిచేది కూడా సర్క్యూట్‌లో భాగమేనన్నది వాళ్లు జీవితంలో మర్చిపోరు, రేపు సెన్సర్ కలిపినా, ఆప్ ఆంప్ వాడినా అదే పనికొస్తుంది.

ఫేజర్లకు కూడా ఇలాంటిదే కావాలి. 230 వోల్టుల జోలికి పోకుండా చిన్న 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ మీద ఒక రెసిస్టరు, ఒక చోక్ వరసగా పెట్టి రెండింటి మీదా విడివిడిగా కొలిపిస్తే, కూడితే పన్నెండు దాటుతుంది. "ఎక్కువెక్కడి నుంచి వచ్చింది?" అని వాళ్లే అడుగుతారు. చోక్ తీగకు సొంత నిరోధం ఉంటుంది కాబట్టి పైథాగరస్ కూడా పూర్తిగా సరిపోదు, ఆ తేడా లెక్క ఇంటికిచ్చి పంపండి.

ప్రాజెక్టుతో మొదలుపెట్టే పద్ధతి

ఇప్పుడు మేనేజ్‌మెంట్లకు బాగా నచ్చేది ఇదే. ఆర్డునో బోర్డు (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు), సెన్సర్లు, చివర్లో ఎగ్జిబిషన్, ఫొటోలు. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు ఎలక్ట్రికల్ మీద మనసు పుట్టించాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదన్నది నేనూ ఒప్పుకుంటాను. కోడ్ రాయడం వాళ్లకు ఇష్టం, అది ఒక లైటును వెలిగిస్తే ఇంకా ఇష్టం.

అయితే ఎక్కడ ఆగి ప్రశ్న అడగాలో టీచర్‌కు తెలియకపోతే ఇది కాపీ కొట్టే కోర్సు అయిపోతుంది. ఎల్‌ఈడీకి 220 ఓంలు పెట్టమని వీడియోలో చూసి పెడతారు. ఎందుకు 220? ఐదు వోల్టుల్లో ఎల్‌ఈడీకి రెండు పోగా మిగిలిన మూడింటిని 220తో భాగిస్తే 13.6 మిల్లీ ఆంపియర్లు, ఆర్డునో ఊనో బోర్డు పిన్ మామూలుగా ఇవ్వగలిగింది 20, అందుకని. ఆ తర్వాత ఎవరో ఒకరు చిన్న మోటారును నేరుగా పిన్నుకు తగిలిస్తారు. దానికి వందల మిల్లీ ఆంపియర్లు కావాలి. బోర్డు పోతుంది, లేదా రీసెట్ అవుతూ ఉంటుంది. కోర్సు అసలు ఇక్కడే మొదలవుతుంది. ట్రాన్సిస్టర్ ఎందుకు, మోటారుకు అడ్డంగా డయోడ్ తిరగేసి ఎందుకు, కాయిల్‌లో కరెంటును ఉన్నట్టుండి ఆపితే వోల్టేజీ ఎందుకు ఎగదన్నుతుంది. ఈ మూడు ప్రశ్నలకూ ఒక్కో వారం పెట్టే ఓపిక ఉంటేనే ఈ పద్ధతి తీసుకోండి. లేకపోతే రెడీమేడ్ మోటార్ డ్రైవర్ బోర్డు తగిలించి ఎగ్జిబిషన్‌కు వెళ్లిపోతారు, ఎలక్ట్రికల్ మాత్రం అంటదు.

ఇంకో సంగతి. 60 మంది సెక్షన్‌లో టీమ్ ప్రాజెక్టు అంటే ప్రతి టీమ్‌లోనూ ఒకరు చేస్తారు, ఒకరు పీపీటీ చేస్తారు, మిగిలినవాళ్లు ప్రింటౌట్ తెస్తారు. ఇద్దరికి మించి టీమ్ వద్దు.

సిగ్నల్స్‌తో మొదలుపెట్టే నాలుగో పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. ధ్వని, బొమ్మలు, శాంప్లింగ్‌తో మొదలుపెట్టి సర్క్యూట్లు తర్వాత చెప్పే ఈ దారి అమెరికాలో కొన్నిచోట్ల నడిచింది. ఈసీఈ, ఏఐ బ్రాంచీల పిల్లలకు బాగుంటుంది. కానీ ఫస్ట్ సెమిస్టర్‌లో కాంప్లెక్స్ నంబర్లు, ప్రోగ్రామింగ్ రెండూ ఒకేసారి కొత్తగా నేర్చుకుంటున్న పిల్లల మీద ఇది రుద్దొద్దు. రెండో ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు.

ల్యాబ్: బెంచీ, కిట్టు, సిమ్యులేషన్

కాగితం మీద ఏ కోర్సు రాసినా దాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ ల్యాబే. మామూలుగా బెంచీకి ముగ్గురో నలుగురో ఉంటారు. ఒకరు కనెక్షన్ ఇస్తారు, ఒకరు రీడింగ్ రాస్తారు, మిగిలినవాళ్లు ల్యాబ్ కోటు వేసుకుని నిలబడతారు. మీ ల్యాబ్ పరిస్థితి ఇదే అయితే పెద్ద బెంచీలను మెషీన్లకు, త్రీ ఫేజ్‌కు వదిలేసి, డీసీ ప్రయోగాలకు ఇద్దరికో చిన్న కిట్టు కొనండి. బ్రెడ్‌బోర్డు, మీటరు, వైర్లు, పది రకాల రెసిస్టర్లు, కొన్ని కెపాసిటర్లు ఉంటే చాలు. పది కిలో ఓంలు, వెయ్యి మైక్రో ఫారడ్లు కలిపితే టైమ్ కాన్‌స్టంట్ (కెపాసిటర్ నిండే వేగాన్ని చెప్పే సమయం) సుమారు పది సెకన్లు. ఆసిలోస్కోప్ లేకుండా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, మంచి మీటర్ చూస్తూ కర్వ్ గీయొచ్చు. పసుపు మీటర్ పెట్టినా ఇక్కడ పెద్దగా తేడా రాదు, ఎందుకు రాదో పాత ప్రయోగం గుర్తున్నవాళ్లు చెబుతారు.

ఆసిలోస్కోప్ తప్పనిసరైనచోట ఢిల్లీ ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వాళ్లు తయారుచేసిన ఎక్స్‌పైస్ (ExpEYES) లాంటి యూఎస్‌బీ పెట్టెలు ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే వేవ్‌ఫాం కనిపిస్తుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలకు పనికిరావు, ఫస్టియర్‌కు ఆ అవసరమూ ఉండదు. బ్రెడ్‌బోర్డులు మాత్రం ఎస్‌పీ రోడ్డులో మరీ చవకవి కొనకండి. లూజ్ కాంటాక్టుల వల్ల మొదటి రెండు ల్యాబులు సర్క్యూట్ తప్పా బోర్డు తప్పా తెలియకుండానే గడిచిపోతాయి.

ఇక సిమ్యులేషన్. సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూపే స్పైస్ ప్రోగ్రామ్ 1973లో బర్క్‌లీలో పుట్టింది. ఎల్‌టీస్పైస్, ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు వాళ్ల ఈసిమ్, ఇలాంటి ప్రోగ్రామ్‌లు రెండూ ఉచితమే. ల్యాబ్ లేనిచోట దీంతో సరిపెట్టేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. పైన చెప్పిన, ఒక మెగా ఓం రెసిస్టర్లు రెండున్న సర్క్యూట్‌ను దాంట్లో గీయించండి. చక్కగా 4.500 చూపిస్తుంది. అక్కడ వోల్టేజీ చదవడానికి సర్క్యూట్‌కు ఏమీ తగిలించక్కర్లేదు మరి. అందుకే సిమ్యులేషన్‌ను నిజమైన కొలత తర్వాత పెట్టాలి, ముందు పెడితే పిల్లలు నిజాన్నే తప్పంటారు. 325 వోల్టుల శిఖరం చేరే రెక్టిఫయర్లు, త్రీ ఫేజ్ ఫాల్టులు లాంటి ప్రమాదకరమైన వాటికి మాత్రం సిమ్యులేషనే మేలు.

వీడియో కోర్సులు చూసుకోమందామా అంటే, 2012లో ఎంఐటీ తన సర్క్యూట్స్ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. నడిపినవారిలో ముఖ్యులు మన ఐఐటీ మద్రాసులో చదివిన అనంత్ అగర్వాల్. లక్షన్నరకు పైగా చేరారు, సర్టిఫికెట్ దాకా వచ్చినవారు ఏడు వేల పైచిలుకు. ఆ ఏడు వేలు చిన్న సంఖ్య కాదు గానీ, మన సెక్షన్‌లో ఆ లెక్కన 60 మందిలో ముగ్గురు మిగులుతారు. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలు ఆసక్తి ఉన్నవాళ్లకు అదనంగా ఇవ్వండి, క్లాసుకు బదులుగా వద్దు.

అన్ని బ్రాంచీలకూ ఒకే పేపరు తప్పదంటే

చాలా కాలేజీల్లో జరిగేది ఇదే, ఫిజిక్స్ సైకిల్, కెమిస్ట్రీ సైకిల్ (సగం సెక్షన్లకు మొదటి సెమిస్టర్‌లో ఫిజిక్స్, మిగతావాటికి కెమిస్ట్రీ పెట్టే ఏర్పాటు) సర్దుబాట్లలో బ్రాంచి చూసి కోర్సు మార్చే వీలుండదు. అప్పుడు నేను ఏఐసీటీఈ చట్రమే ఉంచి లోపల వరస మారుస్తాను. ఇన్‌స్టలేషన్లు మొదటి రెండు వారాలు, డీసీ సర్క్యూట్లు సగానికి కుదించి కొలతలతో కలిపి, ఫేజర్లకు పూర్తి సమయం, ట్రాన్స్‌ఫార్మర్‌తో పాటే లైన్ నష్టాలు, మెషీన్లకు బదులు ఫ్యాన్. ఒక్క ప్రాజెక్టు ఉంటుంది గానీ ఎగ్జిబిషన్ ఉండదు. వీటీయూ సిలబస్ అయితే పరీక్షకు కావాల్సిన డీసీ మెషీన్ బొమ్మలు చివర్లో రెండు క్లాసుల్లో గీయించేస్తే సరిపోతుంది, పిల్లలకు బట్టీ కొత్త కాదు.

ఇంటర్నల్స్ ప్రశ్నలు కూడా దానికి తగ్గట్టు మారాలి, లేకపోతే ల్యాబ్‌లో చేసినదంతా వృథా. "తెవెనిన్ సిద్ధాంతాన్ని నిర్వచించి నిరూపించండి" బదులు, "ఒకే చోట ఒక మీటరు 4.29, ఇంకోటి 3.00 చూపించాయి, సర్క్యూట్ ఇది, రెండు మీటర్ల ఇన్‌పుట్ రెసిస్టెన్సులు కనుక్కోండి" అని అడగొచ్చు. ల్యాబ్ మార్కుల్లో కొంత భాగం ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి మీటర్ చేతికిచ్చి చూసేందుకు ఉంచుకోండి. మనిషికి ఐదు నిమిషాలు చాలు, సెక్షన్‌కు మూడు ల్యాబ్ సెషన్లు పడుతుంది, ముందే టైంటేబుల్‌లో రాయించుకోండి.

కిట్ల కొనుగోలుకు మాత్రం సెమిస్టర్ మొదలయ్యేదాకా ఆగొద్దు. మూడు కొటేషన్లు, పర్చేజ్ కమిటీ, ప్రిన్సిపాల్ సంతకం, అకౌంట్స్‌లో ఫైలు కదలడం అంటే నెలలు పడుతుంది. ఈలోపు మొదటి నాలుగు వారాల ప్రయోగాలను బ్యాటరీలు, రెసిస్టర్లు, ఉన్న మీటర్లతో అయ్యేలా పెట్టుకుంటే, కిట్లు ఆలస్యమైనా కోర్సు ఆగదు.